పొగ యంత్రం, ఎలుక బుట్టలు, మందు పొట్లాలు: డెల్టా వరిగట్టు మీద ఏది ఎంత పనికొస్తుంది

చేత్తో తిప్పే పొగ యంత్రం గోదావరి, కృష్ణా డెల్టా రైతులకు కొత్త సరుకేమీ కాదు. బిందెంత ఇనుపరేకు డబ్బా, పక్కన చిన్న ఫ్యాను, దాన్ని తిప్పే పిడి, పొగ బయటికొచ్చే గొట్టం. సరంజామా అంతే. డబ్బాలో గడ్డి పెట్టి నిప్పంటించి, గొట్టం ఎలుక కన్నంలో దూర్చి పిడి తిప్పితే పొగ బొరియంతా నిండుతుంది. వాడినవాళ్ళ నోట వినిపించే మాటలు రెండు. మొదటి వారంలో "గట్టంతా ఖాళీ అయిపోయింది" అంటారు. మూడు వారాలు గడిచాక అదే మనిషి "మళ్ళీ మామూలే, డబ్బు దండగ" అంటాడు.

రెండు మాటలూ నిజమే. పొగ పెట్టిన రోజు యంత్రం తన పని తాను చేసింది. ఆ తరువాత పక్క గట్టు మీద పుట్టిన పిల్లలు ఖాళీ బొరియల్లో కాపురానికి దిగాయి. అందుకే ఈ సమీక్షలో ఎన్ని చచ్చాయన్న లెక్కను కాస్త పక్కన పెట్టి, తల్లిని వదిలి బయల్దేరిన పిల్ల ఎలుకను ఏ సాధనం ఎంతవరకు ఆపగలదన్న కొలతతో చూస్తున్నాం. పొగ యంత్రం, బుట్టల ముఠా, మందు పొట్లాలు, చివర్న ప్లాస్టిక్ కంచె కూడా.

ముందు ఎలుక సంగతి

డెల్టా వరిని తినేవాటిలో పెద్ద దొంగ చిన్న పందికొక్కు. శాస్త్రీయనామం బాండికోటా బెంగాలెన్సిస్. ఇంగ్లీషువాళ్ళ 'బాండికూట్' మన పందికొక్కు నుంచే పోయింది. ఆస్ట్రేలియాలో పిల్లల్ని సంచిలో మోసే ఒక జంతువుకు కూడా అదే పేరు తగిలించారు, దీనితో దానికి చుట్టరికం ఏమీ లేకపోయినా. ఇళ్ళ పునాదులు, గోడౌన్ల కింద తవ్వే పెద్ద పందికొక్కు వేరే జాతి. పొలంలో దీనితోపాటు మెత్తటి బొచ్చుండే ఎలుక, చిట్టెలుక కూడా తిరుగుతాయి గానీ గట్టును గుల్ల చేసేది, కంకులు కోసి లోపల గుట్ట పోసుకునేది పందికొక్కే.

దీని బొరియను గుర్తుపట్టడం కష్టం కాదు. కన్నం ముందు తవ్విపోసిన తాజా మట్టి కుప్ప ఉంటుంది. ఆ మట్టి పొడిగా రాలదు, చిన్న చిన్న ఉండలుగా తడితడిగా ఉంటుంది. లోపల ఎలుక ఉంటే కన్నాన్ని చాలాసార్లు అదే మట్టితో మూసేసుకుంటుంది. తెరిచి ఉన్న కన్నం చూసి "ఇందులో ఉంది" అనీ, మూసి ఉన్నది చూసి "పాతది" అనీ అనుకోవడమే పొరపాట్లలోకెల్లా పెద్ద పొరపాటు. సరైన పరీక్ష ఒకటే. సాయంత్రం గట్టు మీది కన్నాలన్నీ కాలితో తొక్కి మట్టితో మూసేయాలి. తెల్లారాక ఏవి తెరుచుకుని ఉంటే అవి కాపురమున్న బొరియలు. పక్కన పుల్ల పాతి లెక్క రాసుకోవాలి. ఈ లెక్క లేకుండా ఏ సాధనం వాడినా ఖర్చులో సగం ఖాళీ కన్నాల పాలే.

తల్లి కడుపున మూడు వారాల పైచిలుకు. ఈతకు ఆరేడు పిల్లలు మామూలు, ఒక్కోసారి పది కూడా. నాలుగు వారాలకు పాలు మానేస్తాయి, మూడు నెలలకు తామే ఈనే ఈడుకొస్తాయి. ఈతలు చేను వయసును పట్టి నడుస్తాయి. సార్వాలో, అంటే వానాకాలం పంటలో, వరి పొట్టకొచ్చి ఈనే రోజుల్లో తిండి బలం పెరుగుతుంది, ఈతలూ ముమ్మరమవుతాయి. అప్పుడు పుట్టిన పిల్లలు నవంబరు, డిసెంబరు కోతల నాటికి సొంతంగా తిరిగే ఈడుకు వస్తాయి. ఒక బొరియలో ఉండేది ఒకే పెద్ద ఎలుక, పిల్లల తల్లి తప్ప. పరాయిది తల దూరిస్తే కరిచి తరుముతుంది. కాబట్టి ఎదిగిన పిల్లకు ఇల్లు వదలక తప్పదు. సరిగ్గా ఆ సమయానికే కోత మిషన్ చేలో దిగుతుంది. నిన్నటిదాకా తల దాచుకున్న చేను ఒక్క పూటలో బోడి అవుతుంది. డెల్టాలో ఎలుకలు పెద్దఎత్తున చోటు మారేది ఈ రెండూ కలిసొచ్చిన రోజుల్లోనే.

బయల్దేరేది ఎవరు? పాలిచ్చే జంతువుల్లో చాలావాటికి మగదే పుట్టిల్లు వదిలి దూరం పోతుంది, ఆడది తల్లి పక్కనో రెండిళ్ళ అవతలో స్థిరపడుతుంది. మన భాషలో చెప్పాలంటే అందరికీ ఇల్లరికమే. దీన్ని బాగా కొలిచినవాళ్ళలో జీవశాస్త్రవేత్త కే హోలికాంప్ ఒకరు. కాలిఫోర్నియా సియెర్రా నెవాడా కొండల్లోని బెల్డింగ్ నేల ఉడుతల మీద ఆమె చేసిన పనిలో, మగపిల్ల ఇల్లు వదిలేది దాదాపు 125 గ్రాముల బరువుకు వచ్చాకే అని తేలింది. ప్రయాణానికి సరిపడా కొవ్వు పట్టాకే అడుగు బయట పెడుతుందన్నమాట. ఆ ఉడుత వేరు, మన పందికొక్కు వేరు. అయినా రైతుకు పనికొచ్చే సంగతి ఇందులో ఉంది. గట్టు మీద ఆడపిల్ల ఒక్కటి మిగిలినా అది దూరం పోదు, అక్కడే మూడు నెలల్లో మరో ఈత ఈనుతుంది.

కొత్త చోటు ఎలా ఎంచుకుంటుందన్నది ఇంకా ముఖ్యం. బయల్దేరిన పిల్ల బట్టబయలు నేల మీద పరుగెత్తడానికి జంకుతుంది. గుడ్లగూబ, పాము, కుక్క, నక్క అన్నీ దానికోసమే. గడ్డి మొలిచిన గట్టు, కాలువ ఒడ్డు, తుంగ పెరిగిన బోదె, వీటి వెంబడే నడుస్తుంది. ఈత బాగా వచ్చు కాబట్టి చిన్న బోదె అడ్డం కాదు. దొరికితే తవ్వి ఉన్న బొరియలోనే దూరుతుంది. కొత్తగా తవ్వాలంటే రాత్రుళ్ళ కష్టం, ఆ తవ్వే వేళంతా బయట ప్రాణభయం. అమెరికా ఎడారుల్లోని ఒక జాతి కంగారూ ఎలుకకు తన మట్టిదిబ్బ పూర్తిగా కట్టుకోవడానికి దాదాపు రెండేళ్ళు పడుతుంది. అందుకే దాని పిల్లలు కొత్త దిబ్బ జోలికి పోకుండా, యజమాని చచ్చి ఖాళీ అయిన దిబ్బ కోసం కాచుకుంటాయి. పందికొక్కు అంత బద్ధకస్తురాలు కాదు, తవ్వగలదు. అయినా ఖాళీ ఇల్లు కళ్ళెదుట ఉంటే ఎవరు మాత్రం పునాది తీస్తారు?

ఇంకొక లక్షణం ఉంది. పుట్టినచోటు లాంటి చోటునే వెతుక్కోవడం. 2008లో కరెన్ మాబ్రీ, జూడీ స్టాంప్స్ కాలిఫోర్నియాలో పొదల్లో ఉండే ఒక జాతి ఎలుక పిల్లల్ని రేడియో పట్టీలతో వెంబడించి చూశారు. ఇల్లు వదిలిన పిల్లలు తాము పుట్టిన రకం చోటునే ఎంచుకున్నాయి. గట్టు మీద ఇదే జరిగితే ఎలుకలు వచ్చే దారిని ముందే ఊహించవచ్చు. కాలువ గట్టున పుట్టినది మరో ఎత్తైన గట్టును వెతుకుతుంది. మీ పొలంలో వెడల్పైన గట్టు ఒక్కటే ఉంటే, కోత రోజుల్లో చుట్టుపక్కల పిల్లలన్నిటికీ అదే విడిది.

పొగ యంత్రం

ఇక సరుకు విషయం. ఈ యంత్రానికి ఉన్న పెద్ద గుణం, మిగతా రెంటికీ లేనిది, గూట్లో కళ్ళు తెరవని పిల్లల దాకా చేరడం. ఎర ముట్టని పిల్లను, బుట్టలో పడని తల్లిని ఇది ఒకేసారి అందుకుంటుంది. చంపేది పొగ ఘాటు కాదు, అందులోని కార్బన్ మోనాక్సైడ్. అందుకే గడ్డిలో ఎండుమిరపకాయలు వేసే అలవాటు వల్ల ఒరిగేదేమీ లేదు. ఎలుకకంటే ముందు పిడి తిప్పేవాడికే దగ్గు పట్టుకుంటుంది.

కొనేటప్పుడు చూడాల్సినవి కొన్ని. రేకు మందంగా ఉండాలి. పల్చటి రేకు అయితే రెండు పంటలకే అడుగు కాలి చిల్లులు పడుతుంది. ఫ్యాను రెక్కలు రేకువే ఉండాలి, పళ్ళచక్రాలు ఇనుపవే ఉండాలి. ప్లాస్టిక్ చక్రం వేడికి మెత్తబడి పళ్ళు జారిపోతుంది. మూత గట్టిగా బిగియాలి. వదులుగా ఉంటే పొగలో సగం మన మొహానికే. గొట్టం చివర కన్నంలో పట్టేలా సన్నబడి ఉంటే మంచిది. పిడికి కర్ర తొడుగు లేకపోతే పది నిమిషాల్లో చెయ్యి కాలుతుంది. ఫ్యాను ఎటువైపు ఉందో కూడా చూడండి. డబ్బాలోకి గాలి కొట్టే రకంలో ఫ్యానుకు పొగ తగలదు, చాలాకాలం మన్నుతుంది. డబ్బాలోంచి పొగ లాగి బయటికి తోసే రకంలో పొగజిగురు రెక్కలకు, బేరింగుకు పట్టి నాలుగైదు రోజుల వాడకానికే పిడి బిగుసుకుపోతుంది. మా ఓటు మొదటిదానికే.

తమిళనాడులో ఇరుల జనం అడుగున చిల్లి పెట్టిన మట్టికుండలో గడ్డి కాల్చి, కుండ మూతి బొరియకు ఆనించి నోటితో ఊదేవాళ్ళు. పెదవులు కాలేవి, ఊపిరితిత్తులు చెడేవి. ఫ్యానుండే యంత్రం తెచ్చిన మొదటి మేలు ఆ ఊదే మనిషికి. మన దగ్గర ఇంకా కుండ పొగే పెట్టేవాళ్ళుంటే, ఇతర లాభనష్టాలు చూడకుండానే యంత్రానికి మారవచ్చు.

వాడే పద్ధతి. పగటిపూటే పెట్టాలి, అప్పుడే ఎలుక లోపల ఉంటుంది. అంతకుముందు రోజు సాయంత్రం కన్నాలు మూసి, పొద్దున్నే తెరుచుకున్నవాటికి పుల్లలు పాతి ఉంచుకోవాలి. డబ్బా అడుగున పొడి గడ్డి, పైన కొంచెం తేమ తగిలిన గడ్డి. పూర్తిగా ఎండినదైతే మంట లేచి బూడిదవుతుంది, పొగ రాదు. బాగా తడిసినదైతే ఆరిపోతుంది. గుప్పెడు కొబ్బరిపీచు కలిపితే నిప్పు నిలిచి దట్టమైన పొగ వస్తుంది. గడ్డిని కుక్కి కుక్కి నింపవద్దు, గాలి ఆడాలి. గొట్టం కన్నంలో పెట్టి చుట్టూ బురద మెత్తి పిడి తిప్పాలి. అర నిమిషంలో పక్క కన్నాల్లోంచి పొగ లేస్తుంది. మొదట్లో సన్నగా నీలంగా, తరువాత తెల్లగా చిక్కగా. చిక్కబడ్డాక ఆ కన్నాన్ని బురదతో మూయాలి. తొందరపడి సన్నపొగ దగ్గరే మూస్తే లోపలి గాలి బయటికి పోయే దారి ఉండదు, పొగ చివరిదాకా చేరదు. అన్నీ మూశాక ఇంకో రెండు మూడు నిమిషాలు తిప్పి, గొట్టం లాగేసి ఆ కన్నం కూడా మూసేయాలి. ఇద్దరు చాలు, ముగ్గురుంటే ఒకరు పొగ ఎక్కడ లేస్తోందో చూసుకోవచ్చు. మూడోమనిషి చేతిలో కర్ర ఉండాలి. పొగకు తట్టుకోలేక బయటికి దూకేవి ఎక్కువగా ఎదిగిన పిల్లలే. వాటిని వదిలితే పక్క గట్టుకు మనమే దారి చూపినట్టు.

ఎక్కడ విఫలమవుతుంది? తడి ఆరి నెర్రెలిచ్చిన గట్టు మీద. నల్లరేగడి నేల వేసవిలో చేయి పట్టేంత నెర్రెలు విడుస్తుంది, పొగంతా వాటిలోంచే పోతుంది. నీరు పెట్టి గట్టు నానిన మర్నాడో రెండో రోజో పొగ పెట్టడం సరైన అదను. రెండో ఇబ్బంది ఎలుక తెలివి. పందికొక్కు వెనక్కి పోతూ సొరంగాన్ని మట్టితో అడ్డుకట్ట వేయగలదు. పొగ వేరే కన్నంలోంచి లేవకుండా, గొట్టం దగ్గరే వెనక్కి తన్నుతుంటే లోపల అడ్డుకట్ట ఉన్నట్టే. గొట్టాన్ని మరో కన్నానికి మార్చి అటునుంచి పెట్టాలి. మూడోది పెద్ద కాలువగట్టు. అందులో సొరంగాలు లోతుగా, ఒకదానితో ఒకటి కలిసి ఉంటే చేతి ఫ్యాను పొగ చాలదు. అక్కడ దీనిమీద ఆశ పెట్టుకోవద్దు. ఇంటి గోడ పక్కన, పశువులపాక దగ్గర మాత్రం ఏ పరిస్థితిలోనూ వాడవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, గోడ సందుల్లోంచి లోపలికి చేరితే మనుషులకూ అంతే ప్రమాదం. గడ్డివాము గాలివాటుకు ఉన్నప్పుడు నిప్పురవ్వల సంగతీ చూసుకోవాలి.

ఇంత చేశాక కూడా మూడు వారాలకు ఎలుకలు తిరిగొచ్చాయంటే కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే. పొగ పెట్టి, కన్నం మూసి, అలాగే వదిలేసి రావడం. లోపల సొరంగం చెక్కుచెదరకుండా ఉంది. దారినపోయే పిల్లకు పైన రెండంగుళాల మట్టి తీస్తే సిద్ధంగా ఇల్లు. రెండో రోజు పార తీసుకుని ఆ బొరియను గూటిదాకా తవ్వి, కూల్చి, తడిమట్టి వేసి తొక్కాలి. పొగ పని సగం, పార పని సగం. పార పని చేసిన గట్టుకు మా లెక్కలో ఐదుకు నాలుగు మార్కులు. చేయనిదానికి రెండు కూడా ఎక్కువే.

బుట్టల ముఠా

వెదురు బుట్టల వాళ్ళను పిలిపించడం డెల్టాలో పాత అలవాటే. నెల్లూరు, కృష్ణా, గుంటూరు వైపు యానాదులు ఈ పనిలో ఆరితేరినవాళ్ళు. మట్టి కుప్ప చూసి లోపలిది తల్లా, ఒంటిమగా చెప్పగలిగిన చూపు వాళ్ళది. ఆ చూపుకు సరితూగే యంత్రం లేదు. బుట్టలో వింటిబద్దలాంటి వెదురు బిగించి ఉంటుంది, వడ్లో అటుకులో ఎరగా పెడతారు. ఎలుక తల దూర్చి ఎర లాగగానే బద్ద విడివడి మెడ పట్టేస్తుంది. ఎకరాకు 20 బుట్టలు మామూలు లెక్క. సాయంత్రం పెట్టి తెల్లవారుజామునే తీసేయాలి. ఎండెక్కేదాకా ఉంచితే చచ్చినవాటిని కాకులు, కుక్కలు లాక్కుపోతూ బుట్టల్ని కూడా విరగ్గొడతాయి.

పిల్లల లెక్కలో బుట్ట గుణం వేరు. బొరియ వదలని పాలిచ్చే తల్లి దీనికి తక్కువ దొరుకుతుంది. కొత్త చోటు వెతుక్కుంటూ రాత్రంతా గట్ల వెంట తిరిగేది, ముఖ్యంగా కుర్రమగ, బాగా పడుతుంది. అంటే పొగ గూటికి, బుట్ట దారికి. అందుకే బుట్టల్ని చేను మధ్య గట్టున చల్లడం కంటే, కాలువగట్టు మన గట్టును కలిసే చోట, కొబ్బరితోట అంచున, గడ్డివాము చుట్టూ, పక్కవాళ్ళ కోసిన చేను సరిహద్దులో పెట్టడం మేలు. ఎలుక నడిచిన దారి గడ్డిలో చెయ్యి వెడల్పు జాడగా నలిగి కనిపిస్తుంది. బుట్ట మూతి ఆ జాడకు అడ్డంగా కాక, జాడ వెంబడే ఉండాలి.

ఈ సేవలో లోపం మనుషులది కాదు, కూలి లెక్కది. తోకకు ఇంత అని మాట్లాడుకుంటే ఏమవుతుంది? ఎలుకలు దండిగా ఉన్నప్పుడు వస్తేనే ముఠాకు గిట్టుతుంది, అంటే కోత ముందు. అప్పటికి చేను పోయిందంతా పోయింది, పిల్లలు పుట్టాల్సినన్ని పుట్టాయి. నాట్లేసిన నెలలోపల, పది బొరియలే ఉన్నప్పుడు రమ్మంటే "అక్కడేముంది బాబూ" అంటారు, వాళ్ళ వైపు నుంచి న్యాయమే. ఎకరాకు ఇంత అని, దానిలో కొంత పదిహేనో రోజు కన్నాలు మళ్ళీ లెక్కపెట్టాకే ఇచ్చేలా మాట్లాడుకోవడం ఇద్దరికీ నయం. ముందే నోటిమాటగా కాకుండా నలుగురు రైతులు కలిసి ఒకేసారి కుదుర్చుకుంటే ముఠాకు వరసగా పని దొరుకుతుంది, గట్లూ వరసగా ఖాళీ అవుతాయి. ఎలుకల్ని వట్టి చేత్తో పట్టుకోవద్దని మాత్రం గట్టిగా చెప్పాలి. లెప్టోస్పైరోసిస్ జ్వరం ఎలుక మూత్రం కలిసిన నీళ్ళలోంచి, చేతికాళ్ళ పుండ్లలోంచి ఎక్కుతుంది. చేతికి తొడుగులు, కాళ్ళకు బూట్లు ఉండాలి.

మందు పొట్లాలు

బ్రోమాడయోలోన్ 0.25 శాతం పొడి తెచ్చి ఎర కలపడం, 0.005 శాతం మందున్న మైనపు బిళ్ళలు కొనడం, రెండు దారులు. కలిపేదైతే కిలోకు నూకలు 960 గ్రాములు, వంటనూనె 20 గ్రాములు, మందు పొడి 20 గ్రాములు. నూనె ముందు నూకలకు పట్టించి, తరువాత పొడి చల్లి కర్రతో కలపాలి. పొడి ముందు వేస్తే అడుగునే మిగిలిపోతుంది. 15 గ్రాముల చొప్పున కాగితం పొట్లాలు కట్టి, కాపురమున్న బొరియలో మూరెడు లోపలికి తోయాలి. పొట్లం ప్లాస్టిక్‌ది అయితే ఎలుక ముట్టకుండా బయటికి నెట్టేయడమూ ఉంటుంది, కాగితానికి ఆ బెడద తక్కువ. కిలో ఎర 66 పొట్లాలకు వస్తుంది. బిళ్ళలు తేమకు తట్టుకుంటాయి, సార్వా వానల్లో అవే నయం, కాకపోతే తాజా నూకలంత ఇష్టంగా తినవు.

ఈ మందు రక్తం గడ్డకట్టకుండా చేసి నాలుగైదు రోజుల తరువాత చంపుతుంది. తిన్నదానికీ చావుకూ సంబంధం మిగతా ఎలుకలకు అందదు కాబట్టి ఎర మీద అనుమానం పెంచుకోవు. జింక్ ఫాస్ఫైడ్ సంగతి వేరే. తిన్న కొన్ని గంటల్లోనే చంపుతుంది, కొద్దిగా తిని బతికినది మళ్ళీ ఆ ఎర ముట్టదు. అందుకే దానికి ముందు రెండు రోజులు మందు లేని నూకలు, నూనె పెట్టి అలవాటు చేయాలి. దానికి విరుగుడు మందు కూడా లేదు. బ్రోమాడయోలోన్‌కు విటమిన్ కె1 విరుగుడు ఉంది. పిల్లలు, పశువులు తిరిగే చోట రెంటిలో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే ఎంపిక తేలికే. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు మాత్రం రైతు స్వయంగా వాడేవి కావు. శిక్షణ పొందినవాళ్ళ పర్యవేక్షణలో తప్ప వాడకూడదని నిబంధన, ఆ నిబంధన ఊరికే పెట్టింది కాదు.

మందుకు రెండు బలహీనతలు. చేను గింజ పట్టాక ఎర వైపు చూడవు. చుట్టూ కొత్త వడ్లు ఉండగా నూకలెందుకు? రెండోది పిల్లల లెక్క. తల్లి తిని నాలుగో రోజుకు చస్తే పసికూనలు ఆకలితో పోతాయి. మూడు వారాలు దాటి గింజ కొరకడం నేర్చినవి మాత్రం బతికి బయటికొస్తాయి, అదీ తల్లి కాపలా లేకుండా, అనుకున్నదానికంటే ముందే. మందు పెట్టిన పదో రోజు గట్టు అంచున చిన్న కన్నాలు, ముందు పిడికెడు మట్టి, లోతు లేని సొరంగాలు కనిపిస్తే అవి ఈ పిల్లల కొత్త ఇళ్ళే. వాటిని చూసి మందు పనిచేయలేదని మళ్ళీ మందు పెట్టడం దండగ. అవి ఇంకా జానెడు లోతు కూడా ఉండవు, పారతో తవ్వితే చాలు. మందు తిన్న ఎలుకను తిన్న గుడ్లగూబ, పిల్లి, కుక్క కూడా దెబ్బతింటాయి. చచ్చినవాటిని ఏరి లోతుగా పూడ్చకపోతే, రేపు మన గట్టుకు కాపలా కాసే గుడ్లగూబను మనమే పోగొట్టుకుంటాం.

ప్లాస్టిక్ కంచె

ఇండోనేషియా, వియత్నాంలలో వరి ఎలుకల మీద గ్రాంట్ సింగిల్టన్ లాంటివాళ్ళు పనిచేసి నిలబెట్టిన పద్ధతి ఇది. 20 నుంచి 25 మీటర్ల చదరపు మడిలో చుట్టుపక్కల కంటే రెండు మూడు వారాలు ముందు నాటు వేసి, చుట్టూ ప్లాస్టిక్ కంచె కట్టి, అడుగున చిల్లులు పెట్టి, లోపలివైపు ఒక్కోదానికి ఎక్కువ ఎలుకలు పట్టే తీగబోను ఆనిస్తారు. ముందే ఈనిన మడి వాసనకు చుట్టుపక్కల ఎలుకలు వచ్చి చిల్లిలోంచి నేరుగా బోనులో పడతాయి. ఒక్క మడి పది పదిహేను హెక్టార్లకు కాపలా అని అక్కడి అనుభవం. ఆలోచన మెచ్చుకోదగ్గదే. ఇంటికోసం వెతుకుతూ వచ్చే ఎలుకను దాని దారిలోనే పట్టుకుంటుంది.

డెల్టాలో చిక్కులు రెండు. కాలువకు నీళ్ళు అందరికీ ఒకేసారి వదులుతారు, బోరు లేని రైతు మూడు వారాలు ముందు నాటలేడు. పైగా అక్కడిది వేరే జాతి ఎలుక, మనది పందికొక్కు, కంచె కింద తవ్వేయగలదు. ప్లాస్టిక్ అంచును నేలలో జానెడు పాతిపెట్టి, బయట చిన్న కాలువలా నీళ్ళు నిలిపితే కొంత ఆగుతుంది. రోజూ పొద్దున్నే చుట్టూ తిరిగి చిల్లులు చూడకపోతే ఒక్క కొరుకుడు కన్నంతో కంచెంతా వృథా. ఒంటరి రైతుకు సిఫారసు చేయలేం. కాలువగట్టు పక్కన నారుమళ్ళు వేసుకునే నలుగురైదుగురు కలిస్తే, మడి చుట్టూ కాకుండా గట్టు పొడవునా వరుసగా కట్టుకునే రకం పనికొస్తుంది.

ఏది ఎప్పుడు

సార్వాలో నాట్లు పడిన నాలుగు నుంచి ఆరు వారాలలోపు, ఈతలు మొదలుకాకముందే, కన్నాలు లెక్కపెట్టి మందు పొట్లాలు. అప్పటికి గింజ లేదు, ఎర తింటాయి. పొట్ట దశ నుంచి పొగ యంత్రం, గట్టు తడిగా ఉన్నప్పుడు, వెంటనే పార. కోతకు వారం ముందు నుంచి కోతలు అయిపోయేదాకా సరిహద్దుల్లో బుట్టలు. స్వర్ణ లాంటి 145, 150 రోజుల రకం వేసినవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. పక్కన 120 రోజుల ఎం.టి.యు. 1010 వేసిన చేను మూడు నాలుగు వారాలు ముందే కోసేస్తారు. ఆ చేనులో ఎలుకలన్నిటికీ చుట్టుపక్కల నిలబడి ఉన్న పంట మీదొక్కటే. ఆ కోత రోజున బుట్టలుండాల్సింది ఆ రెండు చేల మధ్య గట్టు మీద.

గట్టు వెడల్పు 30 సెంటీమీటర్లకు మించకుండా చెక్కితే ఎలుకకు గూడు పెట్టే చోటే మిగలదు. మనిషి నడవడానికి అంతకంటే కావాలనుకున్న చోట, నడిచే ఒక్క గట్టునే వెడల్పుగా ఉంచి, మిగతావి సన్నం చేసి, పొగ, పార పని మొత్తం ఆ ఒక్కదాని మీద పెట్టవచ్చు. గట్టు మీద గడ్డి పెరగనివ్వకపోతే పిల్ల ఎలుక నడిచే చాటు కూడా పోతుంది.

దాళ్వా (రెండో పంట) నాట్లకు ముందు యంత్రాన్ని మూల పడేసేటప్పుడు డబ్బాలో బూడిద మిగల్చవద్దు. బూడిద తేమ పీల్చి అడుగు రేకును తినేస్తుంది. గొట్టం లోపలి పొగజిగురును కర్రకు గుడ్డ చుట్టి కిరసనాయిలుతో తుడిచి, పళ్ళచక్రాలకు గ్రీజు రాసి, మూత తీసి బోర్లించి పెట్టాలి. మూత బిగించి పెట్టిన డబ్బాలో, వానాకాలం తిరిగొచ్చేసరికి చిట్టెలుక గూడు పెట్టిన సందర్భాలు లేకపోలేదు.